పేరు లేని పూచీకత్తు

తప్పిపోయి తిరిగివచ్చిన వ్యక్తి తరపున పూచీ పడమంటే మీరు ముందుకు వస్తారా? అప్పు పత్రం మీద సాక్షి సంతకానికే మనం పదిసార్లు ఆలోచిస్తాం. ఇక ఒకరి మారుమనస్సుకు హామీ ఇవ్వడమంటే మాటలా!

క్రీ.శ. 250లో శ్రీసభకు ఈ ప్రశ్న ఎదురైంది. ప్రజలందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించినట్లు అధికారుల నుండి పత్రం పొందాలని రోము చక్రవర్తి డేసియస్ శాసించాడు. ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజు నగరంలో ఎందరో క్రైస్తవులు భయపడి బలి అర్పించారు. కొందరు లంచమిచ్చి పత్రం మాత్రం కొనుక్కున్నారు. మరికొందరు లొంగక చెరసాల పాలయ్యారు. ప్రాణాలిచ్చిన వేదసాక్షులూ ఉన్నారు.

హింస ఇంకా సద్దుమణగకముందే, పడిపోయినవారిలో చాలామంది దివ్యసత్ప్రసాదం కోసం తిరిగి వచ్చారు. చెరసాలలోని విశ్వాసవీరులు వారికి సిఫారసు ఉత్తరాలు ఇవ్వసాగారు. దెబ్బలు తిన్న చేయి రాసిన ఉత్తరాన్ని కాదనేదెవరు? కాని కొన్నింటిలో ఫలానా వ్యక్తిని, అతనివారిని చేర్చుకోవాలని మాత్రమే ఉండేది. ఆ "అతనివారు" ఎవరు? బంధువులా, దాసులా? ఇరవైమందా, ముప్పైమందా?

అప్పటికి అజ్ఞాతంలో ఉన్న కార్తేజు పీఠాధిపతి పునీత సిప్రియన్ దీనికి అభ్యంతరం చెప్పారు. (ఆయన అలా దాగి ఉండటాన్నే తప్పుపట్టినవారున్నారు. అది వేరే సంగతి.) ఆయన ఉత్తరాలను కొట్టివేయలేదు. మీరు స్వయంగా ఎరిగినవారికి, ప్రాయశ్చిత్తం దాదాపు పూర్తిచేసినవారికి, అదీ పేరుపేరునా రాయమని కోరారు. 251లో కార్తేజులో సమావేశమైన పీఠాధిపతులు కూడా ఒక్కొక్కరి సంగతి విడిగా విచారించాలనే నిర్ణయించారు.

ఇది కాఠిన్యమని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఇది మనిషికిచ్చిన గౌరవంగా తోస్తుంది. గుంపులో ఒకడిగా లోపలికి వచ్చినవాని కన్నీళ్ళు ఎవరు చూస్తారు? పైగా, భర్తను వేదసాక్షిగా కోల్పోయిన స్త్రీ ప్రక్కనే అతడు మోకరించాలి. ఇతడు నిజంగా మారాడా అని ఆమె అడిగితే, ఎరిగినవాడు ఒక్కడైనా జవాబు చెప్పాలి కదా!

బర్నబాగారిని చూడండి. యెరూషలేములో శిష్యులు సౌలును నమ్మక భయపడినప్పుడు ఆయన చీటీ రాసి ఊరుకోలేదు. తానే వెంటబెట్టుకుని అపోస్తలుల వద్దకు తీసుకువెళ్ళారు (అ.కా. 9:27). అటుపిమ్మట తార్సుకు వెళ్ళి, వెదకి, అంతియోకుకు తోడ్కొనివచ్చి, ఏడాదిపాటు అతనితో కలిసి బోధించారు (అ.కా. 11:25-26).

మీ విచారణ గుడిలో, తాగుడు మానినవాడో జైలు నుండి వచ్చినవాడో చివరి వరుసలో కూర్చుని, పూజ ముగియగానే మౌనంగా వెళ్ళిపోతుండవచ్చు. అతని పేరు మీకు తెలుసా?