గంట దూరం

విశాఖపట్నం విమానాశ్రయం నుంచి గన్నవరానికి ఎంత దూరం? నాలాంటి ప్రోగ్రామర్‌కి ఇది తేలిక ప్రశ్నే. రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు అనుకుని హావర్‌సైన్ సూత్రంలో పెడితే ఇంచుమించు 290 కిలోమీటర్లు వస్తుంది. ఇలాంటి దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్లు పోతుందనుకుంటే 35 నిమిషాలు.

టైమ్‌టేబుల్ లెక్క వేరు. విమానం ఇక్కడ కదిలిన దగ్గర్నుంచి అక్కడ ఆగేదాకా అంతా కలుపుతారు. రన్‌వే దాకా పోవడం, పైకి లేవడం, కిందికి దిగడం అన్నీ చేరి గంటవుతుంది. మన గుమ్మం ఆ గంటలోకి కూడా రాదు. ముందుగా వెళ్ళి చెకింగులు దాటి, గన్నవరంలో దిగి, గుడివాడ దగ్గరున్న మా ఊరికి చేరేసరికి నాలుగు గంటలు దాటుతుంది. 350 కిలోమీటర్ల రైలు దారిలో వందేభారత్ విజయవాడకు తీసుకెళ్ళేదీ దాదాపు నాలుగు గంటల్లోనే.

ఇవన్నీ తెలిసీ నాన్నతో మాత్రం ఎప్పుడూ ఒకటే మాట: "ఎంతసేపు నాన్నా, గంటలో వచ్చేస్తాను."

తూర్పు బెంగాల్ ప్రజల కష్టాలు చూసి 1971లో పీటర్ సింగర్ ఒక వ్యాసం రాశాడు. సాయం చెయ్యగలిగినప్పుడు, అవతలి మనిషి దూరంగా ఉన్నాడన్నది సాకు కాదని అందులో అతని వాదన. చదివినప్పుడు నాకు పూర్తిగా ఒప్పనిపించింది, ఇప్పటికీ ఒప్పే. కానీ నా తప్పు అందులో దొరకదు. నేను దూరాన్ని సాకుగా చెప్పలేదు, దగ్గరతనాన్ని చెప్పాను.

అమెరికాలో ఉన్న అన్నయ్య ఏడాదికోసారి వచ్చి మూడు వారాలు ఇంట్లో ఉంటాడు. గంట దూరంలో ఉన్న నేను నిరుడు వెళ్ళింది రెండుసార్లు, అందులో ఒకటి ఎవరిదో పెళ్ళికి. దూరంగా ఉన్నవాడు ముందే రోజులు లెక్కపెట్టి సెలవు పెట్టుకుంటాడు. దగ్గరున్నవాడికి ఎప్పుడైనా వెళ్ళొచ్చు, కాబట్టి ఇవాళే వెళ్ళక్కర్లేదు.

నాన్నకి కంట్లో శుక్లం తీసిన రోజు ఆఫీసులో రిలీజ్ ఉంది. ఏదన్నా అయితే గంటలో అక్కడుంటానులే అనుకున్నాను. ఏమీ కాలేదు. వారం రోజులు కంట్లో చుక్కలు వేసింది పక్కింటి కుర్రాడు.

అవసరమైతే కొడుకు రాగలడనే ధైర్యానికి విలువ లేదా అంటే, ఉంది. ఆ ధైర్యం నాన్నకి ఇస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. నిజానికి దాని మీద నిశ్చింతగా పడుకున్నది నేను.

మొన్న ఫోన్‌లో, ఈ ఆదివారం వస్తున్నానని చెప్పాను. "పనులుంటే చూసుకోరా. గంటే కదా, ఎప్పుడైనా రావచ్చు" అన్నాడు నాన్న.

నా మాటే. ఆయన నోట వింటే తెలిసింది, ఎంత దూరమో.