అంగట్లో ఇచ్చిన మన నంబరు

బేతంచెర్లలో బంగారు అంగట్లో నెలనెలా కట్టే స్కీములో చేరాలంటే ఫోన్ నంబరు, ఆధార్ జిరాక్సు అడుగుతారు. ఇచ్చేస్తాం. పని అయిపోయాక ఆ కాగితం ఏమైందని మాత్రం అడగం.

అడగాలి. 2023 ఏప్రిల్‌లో సైబరాబాద్ పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేశారు. 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు అతని దగ్గర అమ్మకానికి ఉన్నాయని ప్రకటించారు. అందులో ఇంటర్ చదివే పిల్లలు, పాన్ కార్డుదారులు, వయసు మళ్లినవాళ్లు కూడా ఉన్నారు. బ్యాంకు నుంచి అంటూ ఫోన్ చేసే మోసగాడికి మన పేరు, ఊరు ముందే తెలిసి ఉండటం ఇలాంటి అమ్మకాల వల్ల కావచ్చు. పేరు పెట్టి పిలిస్తే ముసలివాళ్లు నమ్మేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు చెప్పింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వివరాలను కాపాడని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పెట్టింది.

అంగడి నడిపే అన్నలారా, అవసరం తీరిన జిరాక్సులను చించకుండా పాత పేపర్లలో వేయకండి. కొనేవాళ్లకూ ఒక దారి ఉంది. మొదటి ఎనిమిది అంకెలు కనబడని ఆధార్‌ను ఆధార్ జారీ చేసే ఉడాయ్ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా తీసుకోవచ్చు. చాలాచోట్ల అది సరిపోతుంది. జిరాక్సు ఇవ్వక తప్పకపోతే ఎవరికి, ఎందుకు ఇస్తున్నారో దాని మీదే రాసి, తేదీ వేసి సంతకం పెట్టండి.