నీటి వాటాకు ఒకే తూకం

ప్రాణమున్న ప్రతిదాన్నీ నీటి నుండే సృష్టించానని అల్లాహ్ దివ్య ఖుర్ఆన్‌లో తెలియజేశాడు. ఆయన వర్షం కురిపించేటప్పుడు ఇది ఫలానా రాష్ట్రం, అది ఫలానా జిల్లా అని హద్దులు చూడడు. హద్దులు గీసుకున్నది మనం. కనుక ఆ నీటిని న్యాయంగా పంచుకోవలసిన బాధ్యత కూడా మనదే. సిద్దిపేటలో జుమా నమాజు తర్వాత యువకులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు: “మౌలానా సాబ్! కృష్ణా, గోదావరి నీళ్ళ తగాదాలో న్యాయం ఎవరి పక్షాన ఉంది?” దీనికి జవాబు చెప్పేముందు న్యాయాన్ని ఏ తూకంతో తూచాలో తెలుసుకోవాలి.

ముందుగా తగాదా ఏమిటో చూద్దాం. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జల వివాదాల చట్టం కింద 1969లో బచావత్ ట్రిబ్యునల్ ఏర్పడింది. కృష్ణానదిలో నాలుగేళ్ళకు మూడేళ్ళు నమ్మకంగా దొరికే నీరు 2,060 టి.ఎం.సి.లని లెక్కగట్టి, 1973లో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 చొప్పున పంచింది. ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు. పొలాల నుండి తిరిగి నదిలో చేరే నీటితో కలిపి ఆంధ్రప్రదేశ్ వాటా 811 అయింది. 2014లో రాష్ట్రం విడిపోయాక, 2015లో తాత్కాలిక ఏర్పాటుగా ఇందులో ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అనుకున్నారు. నదికి నీరు చేర్చే నేల తమ దగ్గరే ఎక్కువ కనుక ఈ వాటా చాలదని తెలంగాణ వాదించింది. ఎన్నో ఏళ్ళుగా సాగులో ఉన్న తమ ఆయకట్టును కాపాడుకోవాలని ఆంధ్రప్రదేశ్ వాదించింది. 2023 అక్టోబరులో కేంద్రం ఈ పంపకాన్ని బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కు అప్పగించింది.

రెండు వాదనల్లోనూ నిజముంది. మరి లోపం ఎక్కడుంది? ఎవరి వైపు తిరిగి మాట్లాడుతున్నామో దాన్నిబట్టి మన న్యాయసూత్రం మారిపోతోంది. లోపం అక్కడే ఉంది.

మన రంగనాయకసాగర్, మల్లన్నసాగర్‌లను నింపేది గోదావరి నీరే. ఆ గోదావరి మీద నాందేడ్ జిల్లాలో మహారాష్ట్ర బాబ్లీ బ్యారేజీ కడుతుంటే, దిగువనున్న శ్రీరాంసాగర్‌కు నష్టమని 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013 ఫిబ్రవరిలో కోర్టు ఆ బ్యారేజీని కొనసాగనిస్తూనే, జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు గేట్లు తెరిచే ఉంచాలని, మార్చి 1న 0.6 టి.ఎం.సి. కిందికి వదలాలని షరతు పెట్టింది. అప్పుడు మన ప్రాంతం ‘కిందివాడి హక్కును పైవాడు కాజేయరాదు’ అంది. కిందివాడి వైపు తిరిగినప్పుడు మాత్రం ‘మా నేల మీదుగా పారే నీరు ముందు మాది’ అంటుంది. ఆంధ్ర సోదరుల సంగతీ అంతే. ఆల్మట్టి ఎత్తు పెంచవద్దని కర్ణాటకతో అనేటప్పుడు ఎదుటివాడి అవసరం లెక్కలోకి వస్తుంది. కృష్ణ పక్కనే పారుతున్నా వలసబాట పట్టిన పాలమూరు కూలీ విషయంలో రాదు. సముద్రంలో కలిసే నీటినే వాడుకుంటామని కాళేశ్వరం నాడు తెలంగాణ అంది. 2025లో పోలవరం - బనకచర్ల పథకం కోసం అదే మాట ఆంధ్రప్రదేశ్ అంటే, తెలంగాణ అభ్యంతరం చెప్పింది.

దివ్య ఖుర్ఆన్‌లోని సూరా ముతఫ్ఫిఫీన్ ఇలాంటివారి గురించే హెచ్చరిస్తోంది. వారు తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి తీసుకుంటారు, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇస్తారు. ఈ హెచ్చరిక కిరాణా కొట్టు త్రాసుకే పరిమితం కాదు. వాదనలకు కూడా వర్తిస్తుంది.

మరి సరైన తూకం ఏది? మదీనాలోని రాతినేలలో హజ్రత్ జుబైర్ (రజి) తోట పైన, ఒక అన్సారీ తోట కింద ఉండేవి. కాలువ నీటి కోసం తగాదా వచ్చింది. దైవప్రవక్త (సల్లం) జుబైర్‌తో, నీ తోటకు పెట్టుకుని నీటిని పొరుగువాడికి వదిలెయ్యమన్నారు. జుబైర్ మీ మేనత్త కొడుకు గనుక ఇలా చెప్పారని అన్సారీ నిందించాడు. అప్పుడు ఆయన (సల్లం), నీరు గట్టుదాకా నిండే వరకు ఆపుకొమ్మని జుబైర్‌ను ఆదేశించారు. మొదటిది ఇద్దరికీ మేలు చేసే సుల్‌హ్, అంటే రాజీ. రెండవది జుబైర్‌కు పూర్తిగా చెందవలసిన హక్కు అని ధర్మపండితులు వివరించారు. మహ్‌జూర్ వాగు విషయంలోనైతే, నీరు చీలమండల దాకా వచ్చాక పైవాడు కిందికి వదలాలని ప్రవక్త (సల్లం) తీర్పు చెప్పారు. అంటే ముందు వంతు పైవాడిదే, కానీ దానికి ఒక హద్దుంది. ఆ హద్దు దాటిన నీరు కిందివాడి హక్కే గాని, పైవాడి దయాదాక్షిణ్యం కాదు.

‘నాయకుడు తన ప్రజల కోసం పోరాడవద్దా? తగ్గితే అది అమానతుకు ద్రోహం కాదా?’ అని కొందరు అడుగుతారు. పోరాడాలి, తప్పకుండా పోరాడాలి. తన జాతిని ప్రేమించడం అసబియ్యత్ కాదని, దౌర్జన్యంలో జాతికి తోడ్పడటమే అసబియ్యత్ అని ప్రవక్త (సల్లం) స్పష్టం చేశారు. హక్కు కోసం వాదించడం అమానతు. హక్కుకు మించి గుంజుకోవడం దౌర్జన్యం.

కోర్టు తీర్పు మన పక్షాన వచ్చినంత మాత్రాన మన బాధ్యత తీరదు. ఒకరు మరొకరికన్నా నేర్పుగా వాదించవచ్చని, ఆ వాదన విని తాను ఒకరి హక్కును మరొకరికి ఇచ్చేస్తే అది అగ్నిఖండమేనని ప్రవక్త (సల్లం) హెచ్చరించారు. ఆయన తీర్పు విషయమే అలా ఉంటే, లెక్కలు దాచి గెలిచిన తీర్పు సంగతి ఏమిటి?

2021 ఆగస్టులో కృష్ణా జలాల కేసు విచారణకు వచ్చినప్పుడు, తాను రెండు రాష్ట్రాలకూ చెందినవాణ్ణని, మధ్యవర్తిత్వంతో పరిష్కరించుకోవాలని అప్పటి ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ ఎన్.వి. రమణ సూచించారు. చట్టప్రకారం తీర్పే కావాలని ఆంధ్రప్రదేశ్ కోరడంతో ఆయన ఆ విచారణ నుండి తప్పుకున్నారు. తీర్పు కోరడం నేరం కాదు. కానీ 2023 నవంబరులో నాగార్జునసాగర్ డ్యాం మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. సుల్‌హ్ తలుపు మూసుకుంటే ఏమవుతుందో అక్కడ కనబడింది.

కనుక యువకులకు మా జవాబు ఇది: పైవాడి నుండి ఏ సూత్రంతో నీరు అడుగుతామో, అదే సూత్రంతో కిందివాడికి వదిలేవారి పక్షానే న్యాయం ఉంది. ట్రిబ్యునల్‌లో వాదించే అవకాశం మనకు లేదు. కానీ వీధి నల్లాకు మోటారు బిగించి లాగితే చివరి ఇంటి బిందె నిండదు. ఆ వీధిలో మనమే పై రాష్ట్రం. అక్కడ మన తూకం సరిగ్గా ఉందో లేదో ప్రళయదినాన మనల్నే అడుగుతారు.

తీసుకునేటప్పుడూ ఇచ్చేటప్పుడూ ఒకే తూకం పాటించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.