శూన్యాసనము

గుంటూరు సీమలో, కృష్ణానది దక్షిణతీరమున, అమరేశ్వరాలయమునకు అనతిదూరమున, గోపురము గాని గోడ గాని లేక, గడ్డి మొలచిన వర్తులాకారపు తిన్నె యొకటి కలదు. ఇదియే ఒకనాటి ధాన్యకటక మహాచైత్యమను బౌద్ధస్తూపము. దీని పూర్వకథను మరచిన చుట్టుపట్ల జనులు చిరకాలము దీనిని దీపాలదిన్నె యనిరి. ఇచట చూడదగినదేమున్నదని నిరాశతో మరలిపోవువారు కలరు. హిమాలయములు దిగియు, సముద్రములు దాటియు వచ్చి, పాదరక్షలు విడిచి, తిన్నె చుట్టును ప్రదక్షిణించి, నేలకు నుదురు మోపువారును కలరు. కూలిన యీ యిటుకలలో వీరికి గోచరించునదేమి?

మౌర్యుల నాటికే మొలకెత్తి, శాతవాహనుల యేలుబడిలో పల్నాటి సున్నపురాతి శిల్పఫలకములతో నిండారిన యీ క్షేత్రమునకు యాత్రికులు శతాబ్దులపాటు వచ్చుచునేయుండిరి. ధర్మకీర్తి స్థవిరుడు ధాన్యకటకమున రెండంతస్తుల ప్రతిమాగృహమును పునరుద్ధరించెనని 1344 నాటి సింహళదేశపు గడలదేణియ శాసనము తెలుపుచున్నది. పిమ్మట విస్మృతి యావరించెను. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు అమరావతీ పట్టణమును కట్టించునాడు ఇచటి యిటుకలును రాళ్లును కొత్త కట్టడములకు తరలినవి. కాలిన్ మెకంజీ దొర 1816లో వచ్చునప్పటికి తిన్నె నడుమ చెరువు త్రవ్వబడియుండెను. 1845లో వాల్టర్ ఎలియట్ దొర వెలికితీయించిన ఫలకములు మదరాసు చేరి, వానిలో పెక్కు అటుపిమ్మట లండనునకు పోయినవి.

ఆ ఫలకములలో ప్రాచీనములైనవానిని చూచినవారికి ఒక విశేషము తోచకమానదు. అందు బుద్ధుని రూపము లేదు. వట్టి ఆసనము, దానిక్రింద చక్రాంకితములైన పాదముద్రలు, వెనుక బోధివృక్షము. ఎదుట తలలు వంచి మ్రొక్కు స్త్రీలు. వారి వేళ్ల కొనలయందలి వణకును సైతము రాతిలో పలికించిన శిల్పికి స్వామి మోమును తీర్చు నేర్పు లేదనుట పొసగదు. తరువాతి తరములవారు బుద్ధమూర్తిని మలచిరి గాని, తొలినాటివారు మాత్రము తథాగతుని ఆసనమును ఖాళీగా నుంచి, ఆ శూన్యము ఎదుటనే చేతులు జోడించిరి.

స్తూపమునకు గర్భగృహము లేదు. లోనికేగి దర్శించుటకు ద్వారము లేదు. భక్తుడు చేయవలసినదెల్ల దాని చుట్టును తిరుగుటయే. కావున అండమనబడు గుమ్మటము కూలినను, ఫలకములు దేశాంతరము పోయినను, కేంద్రమును దాని చుట్టు దారియు నున్నంతవరకు ప్రదక్షిణమునకు లోపము లేదు. పైగా, ఇట్టి స్తూపములకు నలుదిక్కుల నిలిపిన ఐదైదు ఆయక స్తంభములు జన్మము, మహాభినిష్క్రమణము, సంబోధి, ధర్మచక్రప్రవర్తనము, పరినిర్వాణము అను ఘట్టములకు చిహ్నములని పండితుల మాట. అనగా, కట్టినవారే కట్టడముతోపాటు అవసానమును గూడ నిలిపిరన్నమాట. ఈ ధాన్యకటకముతో సంప్రదాయము ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు బోధించిన శూన్యత యనగా ఏమియు లేకుండుట కాదు. ఏ వస్తువును తనంత తాను నిలువజాలదనుట. శిథిలస్తూపము ఆ తత్త్వమునకు కంటికెదుటి వ్యాఖ్యానము.

అట్లయిన శిథిలమగుటయే మేలు కదాయని కొందరనవచ్చును. ఆ మాట నేనొప్పను. సంస్కృత ధర్మములన్నియు, అనగా హేతువులచే కూర్పబడినవన్నియు, నశించునని చెప్పిన నోటితోనే భగవానుడు అప్రమత్తులై సాధింపుడని తుదిసారి యుపదేశించెను. మొదటి మాట పట్టుకొని రెండవదానిని విడిచిన తత్త్వము తత్త్వము కాదు, సోమరితనము. కాలము కూల్చినదానికి నమస్కరింపవచ్చును. మన యజాగ్రత్త కూల్చినదానికి మనమే యుత్తరవాదులము.

బుద్ధుడు కాలచక్ర తంత్రమును ఇచటనే ప్రవచించెనని టిబెట్టు సంప్రదాయము. అందుచేతనే 2006 జనవరిలో దలైలామా ఇచట కాలచక్ర దీక్ష నొసగగా వేలాది యాత్రికులు వచ్చిరి. వారందరికిని తెలిసిన త్రోవ, ఇంటిముందరనున్న మనకు తెలియకుండుట తగదు. ఒక ఉదయమున పోయి, ఒక్క యిటుకనైనను కదల్పక, తిన్నెను కుడివైపుననుంచుకొని, మెల్లగా ఒక్కమారు తిరిగి రండు.