స్పీడెవరు పెట్టేరు?

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయి వంతెన దాటితే ఆదిత్యపూర్. అక్కడ బ్రేక్ డ్రమ్ములు తరిగే ఓ చిన్న లేత్ షాపుకి కద్మాలో ఉండే తెలుగు కుర్రాడొకడు రిపోర్టు పట్టుకొచ్చాడు. తాము అమ్మే కార్బైడ్ టిప్పు అవతలి కంపెనీ టిప్పు కన్నా మూడింతలు మన్నిందట. పరీక్ష చేసింది బయటి ల్యాబు. ఖర్చు తమదేనని కుర్రాడు దాచలేదు కూడా.

యజమాని ఆర్డరు రాయబోయాడు. శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడే ముసలివాడైన టర్నర్, చేతులకంటిన నల్లపొడి గుడ్డతో తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏ సరుకు మీద కోసేరు బాబూ?"

"మైల్డ్ స్టీల్ రాడ్డు మీద, మావయ్య గారూ."

"మాది కాస్ట్ ఐరన్. పొడి రాల్తాది గానీ చుట్టలు రావు. సరే, స్పీడెవరు పెట్టేరు?"

"మా ఇంజనీరే. అన్యాయమేం లేదండీ, రెంటికీ ఒకటే స్పీడు."

"ఆ ఒకటీ నీ కేటలాగులోదా, అవతలోడిదా?"

కుర్రాడు నవ్వి ఊరుకున్నాడు. టర్నర్ రెండు రకాలూ తెప్పించి, ఎవరి స్పీడు వాళ్లకిచ్చి, డ్రమ్ముల మీదే ఆడించాడు. రఫ్ కటింగులో కుర్రాడి టిప్పే నిలిచింది, ఫినిషింగులో అవతలిది. మూడింతలు మాత్రం ఎక్కడా కనబడలేదు.

నీతి: డబ్బిచ్చినవాడికి అబద్ధం చెప్పించాల్సిన అవసరమే రాదు. ఏ పని మీద పోల్చాలో తేల్చే హక్కు చేతిలో ఉంటే చాలు. సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే కథ. 2002లో 'మిడిల్‌వేర్ కంపెనీ' అనే సంస్థ ప్రోగ్రాములు కట్టే రెండు వేదికల్ని, జావా జే2ఈఈని, డాట్‌నెట్‌ని పోల్చి డాట్‌నెట్ చాలా ముందుందని ప్రకటించింది. ఖర్చు డాట్‌నెట్ సొంతదారు మైక్రోసాఫ్ట్‌ది. పోలికకు మూలం పెట్ స్టోర్. జావాలో ప్రోగ్రాము ఎలా అమర్చాలో నేర్పడానికి సన్ సంస్థ రాసిన నమూనా దుకాణం అది, పరుగు పందేనికి పుట్టింది కాదు. తాము దానికి సానబెట్టామని మిడిల్‌వేర్ వాళ్లన్నారు, చాల్లేదని జావా వాళ్లన్నారు. అలాంటి రిపోర్టు మీ టేబుల్ మీదికొస్తే కోడూ సెట్టింగులూ అడగండి, మీ పనిలోంచే ఓ ముక్క తీసి రెంటి మీదా నడపండి.

అలాగని డబ్బు వాసన రాగానే రిపోర్టు చించెయ్యడం ఉత్త బద్ధకం. 1999లో మైండ్‌క్రాఫ్ట్ సంస్థ మైక్రోసాఫ్ట్ డబ్బుతోనే విండోస్ ఎన్‌టీని లినక్స్‌తో పోల్చితే లినక్స్ అభిమానులు మండిపడ్డారు. వాళ్ల నిపుణుల్ని కలుపుకుని మళ్లీ పరీక్షించినా, నాలుగు ప్రాసెసర్ల మెషీన్ మీద ఎన్‌టీయే గెలిచింది. నెట్‌వర్కు పనిని లినక్స్ ప్రాసెసర్లన్నిటికీ సరిగా పంచలేకపోతోందని తేలింది. 2001లో వచ్చిన లినక్స్ 2.4 కెర్నెల్‌లో దాన్ని సరిచేసుకున్నారు.