ఒకే గిన్నెలో అందరి చెంచాలు



ఈసారి పుస్తకంలో కాఫీ గురించి రాస్తున్నానంటే మీలో కొందరు నవ్వుకుంటారు. కరువు సీమలో కూర్చుని కాఫీ రుచుల ముచ్చటేంది అంటారు. ఆ మాట మన సంఘంలోనే ఒక అన్న నా ముఖం మీదే అన్నాడు. "బుద్ధుడు తృష్ణ తగ్గించుకోమన్నాడు, నువ్వు జనాన్ని తీసకపోయి నాలుకకి రుచి నేర్పిస్తాండావు" అన్నాడు. ఆయనకి జవాబు రాద్దామనే మొదలుపెట్టాను. రాయగా రాయగా ఆ జవాబు ఆయనకంటే నాకే ఎక్కువ అవసరమని తెలిసింది.

జరిగింది ఇది. పోయిన చలికాలంలో అనంతపురం నుంచి పద్దెనిమిది మందిమి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కి విశాఖపట్నం పోయాం. తొట్లకొండ, బావికొండ చూడాలన్నది చాలా ఏళ్ళ కోరిక. ఎవరి చార్జీ వాళ్ళే పెట్టుకున్నారు. సంఘం డబ్బు ఒక్క రూపాయి ముట్టలేదు (ఈ సంగతి ముందే చెప్పేస్తే మంచిది). రెండో రోజు భీమునిపట్నంలో ఒక నడక పెట్టుకున్నాం. ఊరు బాగా తెలిసిన ఒక పిల్లోడు ముందు నడుస్తూ వీధి వీధినా కథ చెబుతాడు. చివర్లో ఒక చిన్న దుకాణంలో కూర్చోబెట్టి అరకు కాఫీలు రుచి చూపిస్తారు. తలకింత అని రుసుము. ఇటలీలో ట్రీస్టే లాంటి సముద్రపు ఊళ్ళలో ఇట్లాంటి నడకలు ఉంటాయని విన్నాను. మన దేశపు కాఫీ ఎక్కువగా కొనే దేశాల్లో ఇటలీ ముందు వరసలో ఉంటుంది. మన గింజ అక్కడికి పోయి పేరు తెచ్చుకుంది. ఆ రుచి చూసే వేడుక ఇప్పుడు మన తీరానికి వచ్చింది.

ముందు కొండ సంగతి చెప్పనీండి. తొట్లకొండకి ఆ పేరు ఎట్లా వచ్చిందో తెలుసా? రాతిని తొలిచి చేసిన నీళ్ళ తొట్లు ఉన్నాయి కాబట్టి. పక్కనున్న బావికొండకి బావుల వల్ల పేరు వచ్చింది. సుమారు రెండు వేల ఏళ్ళ కింద భిక్షువులు ఆ కొండల మీద వాన నీటిని పట్టి నిలవ పెట్టుకున్నారు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా నుంచి పోయినవాళ్ళం కదా, మాకు స్తూపం కన్నా ముందు ఆ తొట్లే కనిపించాయి. మాతో వచ్చిన పెద్దమ్మ ఒక తొట్టి అంచున కూర్చుని లేవనే లేదు. "ఈ నీళ్ళు ఎవురు ముంచుకుంటాండ్రి నాయనా?" అని అడిగింది. అందరూ అని చెప్పాను. సంఘంలోకి వచ్చినవాడికి వెనకటి కులం లేదు. మంగలి ఉపాలి, పాకీ పని చేసిన సునీతుడు, రాజుల బిడ్డలు అందరూ ఒకే సంఘం. తొట్లకొండలో 1988 నుంచి జరిగిన తవ్వకాల్లో విహారాల గదులతో పాటు వంటశాల, భోజనశాల కూడా బయటపడ్డాయి. రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. అంటే ఇటలీకీ ఈ తీరానికీ సంబంధం కాఫీతో మొదలు కాలేదు. ఆ భోజనశాల రాళ్ళ మధ్య నిలబడి పెద్దమ్మ అన్న మాట ఇప్పటికీ చెవుల్లోనే ఉంది: "ఈడ ఎవుర్నీ బయట కూచోబెట్టలేదన్నమాట."

ఆమె బయట కూర్చుని తిన్న మనిషి. నేను కూడా. మా ఊరి హోటల్ చూరులో మా గ్లాసులు వేరే దోపి ఉండేవి. మేమే తీసుకోవాలి, మేమే కడుక్కోవాలి, తాగి మళ్ళీ అక్కడే దోపాలి. టీ పోసేవాడు ఎత్తు నుంచి పోసేవాడు, తన గిన్నె మా గ్లాసుకి తగలకుండా. ఏడేళ్ళ వయసులో అది పోసేవాడి నైపుణ్యం అనుకున్నాను, ఎంత ఎత్తు నుంచి పోసినా ఒక్క చుక్క కింద పడదు అని మురిసిపోయాను. దాన్ని రెండు గ్లాసుల పద్ధతి అంటారని ఆర్ట్స్ కాలేజీలో చేరిన తర్వాతే తెలిసింది.

ఇక భీమిలి నడక. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరది, దేశంలోనే పాతవాటిల్లో ఒకటి. గడియార స్తంభం, దీపస్తంభం, పదిహేడో శతాబ్దంలో వర్తకానికి వచ్చిన డచ్చివాళ్ళ సమాధులు అన్నీ చూశాం. సమాధుల దగ్గర పిల్లోడు చాలాసేపు చెప్పాడు గానీ మావాళ్ళకి పెద్దగా పట్టలేదు. ఎక్కడో పుట్టి సరుకు కోసం వచ్చి ఇక్కడ చచ్చిపోయారు పాపం, అనుకుని ముందుకు కదిలారు. అందరూ నిలబడిపోయింది గోస్తని నది సముద్రంలో కలిసే చోట. ఆ నది అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో పడుతుంది. అనంతగిరి కొండలంటే కాఫీ తోటలుండే కొండలే. మేం తాగబోయే కాఫీ, మా ముందున్న నీళ్ళు ఒకే చోటు నుంచి దిగివచ్చాయి.

భగవానుడు సంఘాన్ని సముద్రంతో పోల్చిన సంగతి మీకు తెలుసు. గంగ, యమున, ఏ నది అయినా సముద్రంలో కలిసినాక పాత పేరు పోతుంది. అట్లాగే ఏ కులం నుంచి వచ్చినవాడికైనా సంఘంలో పాత పేరు ఉండదు. సముద్రమంతటికీ ఉప్పు రుచి ఒక్కటే అయినట్టు ఈ ధమ్మానికీ ఒక్కటే రుచి, విముక్తి. ఇది మనం పౌర్ణమి సభల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నదే. అక్కడ నిలబడి నేనూ చెప్పాను. చెబుతుంటే ఒక పిల్ల ఇసకలోకి పోయి, దోసిలితో నీళ్ళు తీసుకుని నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. నది వైపు పోయి అక్కడివీ చూసింది. "ఈడ ఇంకా పూర్తిగా ఉప్పు కాలేదు మామా" అంది. నిజమే. పేరు పోవడానికి కొంత దూరం పడుతుంది.

కాఫీ దుకాణంలో బల్ల మీద ఐదు గిన్నెలు పెట్టారు. ఒక్కో దాంట్లో ఒక్కో రకం పొడి. వేడినీళ్ళు పోసి నాలుగు నిమిషాలు ఆగమన్నారు. పైన పొర కడుతుంది, దాన్ని చెంచాతో నెట్టి వాసన చూడాలి. ఆ తర్వాత చెంచాడు తీసుకుని జుర్రుమని గట్టిగా చప్పుడు చేస్తూ పీల్చాలి. అట్లా పీలిస్తే గాలితో కలిసి రుచి నోరంతా పరుచుకుంటుందట. చిన్నప్పుడు ఆ చప్పుడుకే మాకు దెబ్బలు పడేవి. ఒకరి తర్వాత ఒకరు, ఒక్కో గిన్నె దగ్గర ఆగుతూ పోవాలి. చెంచాని మధ్యలో వేడినీళ్ళలో ముంచి మళ్ళీ తర్వాతి గిన్నెలో పెట్టాలి. అంటే అందరి చెంచాలూ అన్ని గిన్నెల్లోనూ మునుగుతాయి.

పెద్దమ్మ చెంచా పట్టుకుని ఆగిపోయింది. "అందరం ఈ గిన్నెలోనేనా? ఎంగిలి కాదూ?" అంది. మాతోపాటు ఆ నడకలో చేరిన ఎవరో నలుగురు పట్నంవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళ కులం మాకు తెలీదు, మాది వాళ్ళకి తెలీదు. దుకాణం పిల్లోడు నవ్వి, "రుచి చూసే పద్ధతే ఇదండీ అమ్మగారూ, ప్రపంచమంతా ఇంతే" అన్నాడు. ఆమె చెంచా ముంచింది. జుర్రింది. ఆ పక్కనున్న ఆమె వచ్చి అదే గిన్నెలో చెంచా ముంచింది. ఏమీ జరగలేదు. ఆకాశం అట్లాగే ఉంది. అరవై ఏళ్ళు దాటిన మనిషి కళ్ళు తుడుచుకుంటూ, "చేదుగా ఉంది నాయనా" అంది.

ఆ అన్నకి నా జవాబులో సగం ఇక్కడ ఉంది. తృష్ణ తగ్గించుకోమన్నది నిజం. కానీ పేదరికాన్ని పుణ్యమని బుద్ధుడు ఎక్కడా పొగడలేదని బాబాసాహెబ్ మరీ మరీ చెప్పాడు. అనాథపిండికుడికి భగవానుడు గృహస్థుడి సుఖాలు నాలుగు చెప్పాడు. న్యాయంగా సంపాదించుకోవడం, దాన్ని అనుభవించడం, అప్పు లేకుండా ఉండడం, నింద లేని నడత. వేరుశనగ పోయిన ప్రతి ఏడూ అప్పు కింద నలిగే మన జిల్లావాళ్ళకి ఆ మూడో సుఖం ఎంతటిదో వేరే చెప్పక్కర్లేదు. అప్పు చేసి అరకు కాఫీ తాగితే అది తృష్ణే. కూడబెట్టుకున్న డబ్బుతో, మత్తు లేని పానీయాన్ని, బతుకులో ఒక్కసారి నెమ్మదిగా రుచి చూస్తే అందులో శీలానికి భంగం ఏముంది? మనకి ఇన్ని తరాలు రుచి చూసే తీరికే ఇవ్వలేదు. ఇచ్చింది మింగడమే. వచ్చి చూడు, నీకు నువ్వే తెలుసుకో అన్న ధమ్మం మనది. నాలుకని మాత్రం దానికి బయట ఎందుకు పెట్టాలి?

మిగతా సగం అంత తేలిక కాదు. మమ్మల్ని అక్కడ ఎవరూ కులం అడగలేదు. ఎందుకు అడగలేదు? రుసుము కట్టాం కాబట్టి, మేం ఎవరో తెలీదు కాబట్టి. ఇది డబ్బు ఇచ్చే సమానత్వం. దాన్ని తీసిపారేయను, అది కూడా దొరకని రోజులు చూసినవాణ్ణి. కానీ బయటికి రాగానే దాని వేడి ఆరిపోతుంది. బాబాసాహెబ్ 1954 అక్టోబర్ 3న ఆకాశవాణిలో మాట్లాడుతూ స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అనే మూడూ తాను ఫ్రెంచి విప్లవం నుంచి తీసుకోలేదని, తన గురువు బుద్ధుడి బోధ నుంచి తీసుకున్నానని చెప్పాడు. ఆ మూడింట్లో చివరిది టికెట్టుకి రాదు. ముఖం తెలిసినవాళ్ళ మధ్య, ఇంటిపేరు, గేరి పేరు తెలిసినవాళ్ళ మధ్య దాన్ని పరీక్ష చేయాలి.

మన ఊళ్ళలో ఇప్పుడు రెండు గ్లాసులు కనపడవు. పోయాయని పండగ చేసుకున్నాం. హోటల్‌కి పోయి చూడండి, అందరికీ కాగితపు కప్పులే. ఒకడు తాగి పారేసింది ఇంకొకడు ముట్టుకునే పనే లేదు. చట్టానికి భయపడి గ్లాసు మార్చారు గానీ, ఒకే గ్లాసు కడిగి అందరికీ ఇవ్వాల్సిన అవసరం మాత్రం రానివ్వలేదు. 1927 మార్చి 20న మహద్ చెరువులో బాబాసాహెబ్ దోసిలి ముంచినప్పుడు ఆ నీళ్ళలో అందరి చేతులూ మునగాలన్నదే కదా తగువు. కప్పు పారేస్తే తగువు ఉండదు, తీర్పూ ఉండదు.

కాఫీ పోసిన పిల్లోడిది కొండ మీది ఊరే. పెద్దమ్మ అతన్ని అడిగింది, "మీ ఇంట్లో ఇట్లానే తాగుతారా నాయనా?" అని. "లేదమ్మా, మేం గింజలు అమ్ముతాం. ఇంట్లో అంబలే" అన్నాడు. మా ధర్మవరంలో పట్టుచీర నేసే చేతులు ఆమెకి తెలుసు, అందుకే ఇంకేం అడగలేదు. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంతకు రెండేళ్ళ ముందే పారిస్‌లో దాని పేరుతో దుకాణం తెరుచుకుంది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, మన దీక్ష జరిగిన ఏడే. దళారుల చేతుల్లో మోసపోయిన రోజుల కంటే ఇప్పుడు నయమని ఆ పిల్లోడే అన్నాడు. సంతోషం. కానీ పండు ఎర్రబడ్డాక ఒక్కొక్కటీ ఏరిన ఆడమనిషి ఆ రుచి బల్ల ముందు ఎప్పుడైనా కూర్చుందా? సమ్మా ఆజీవం మనం అమ్మేదాని గురించే అనుకుంటాం. కొనేటప్పుడు కూడా అది మన ముందు నిలబడాలని నాకు ఆ రోజే అనిపించింది.

ఇక అందరికన్నా చేదు సంగతి. రైల్లో తిరిగి వచ్చేటప్పుడు మా పద్దెనిమిది మందీ అన్నం సంచులు విప్పారు. మాల ఇంటి సంచులు ఒక వైపు, మాదిగ ఇంటి సంచులు ఒక వైపు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, కావాలని చేయలేదు కూడా. చుట్టాలు చుట్టాల పక్కన కూర్చున్నారు, అంతే. గంట కింద పరాయివాళ్ళ చెంచా మునిగిన గిన్నెలో చెంచా ముంచి కళ్ళు తుడుచుకున్నవాళ్ళం. ఇరవై రెండు ప్రతిజ్ఞలు చదివినవాళ్ళం. సముద్రంలో కలిశాం అంటాం, ఆ చిన్నపిల్ల నాలుకకి తెలిసినట్టు, మనం ఇంకా నది నీళ్ళ దగ్గరే ఉన్నామేమో.

మొన్నటి పౌర్ణమికి మన విహారంలో కాగితపు కప్పులు మానేశాం. ఒక పెద్ద గిన్నెలో ఫిల్టర్ కాఫీ, పన్నెండే స్టీలు గ్లాసులు. వచ్చినవాళ్ళు నలభై మంది. తాగిన గ్లాసు కడిగి తర్వాతివాళ్ళకి ఇవ్వాలి, కడిగే పని ఆ రోజు మగవాళ్ళది. మొదట నవ్వులు, తర్వాత కొంచెం మౌనం, తర్వాత మాటలు. నన్ను తృష్ణ అని నిలదీసిన అన్న కూడా తొట్టి ముందు కూర్చుని గ్లాసులు కడిగాడు. ఒక పెద్దాయన మాత్రం గ్లాసు చేతిలో పట్టుకుని చాలాసేపు ఉన్నాడు. చల్లారిపోయింది, తాగకుండానే పెట్టేసి వెళ్ళాడు. ఎందుకని నేను అడగలేదు. వచ్చే పౌర్ణమికి మళ్ళీ పన్నెండు గ్లాసులే పెడతాం. ఆయన్ని రమ్మని చెప్పడానికి పెద్దమ్మ వాళ్ళ ఇంటికి పోతానంది. అక్కడ ఏమన్నా ఇస్తే తాగి వస్తానంది.