కప్ప కాలు, ఇంటి మీటరు

ఇటలీ దేశమందలి బొలోన్యా నగరమున గాల్వానీ యను శరీరశాస్త్రవేత్త, మృతమైన కప్ప కాలికి రెండు భిన్నలోహములు సోకినంతనే అది చివుక్కున అదరుట గాంచి, విద్యుత్తు ప్రాణిదేహమందే జనించుచున్నదని తలంచి, 1791లో ఆ మాటనే గ్రంథస్థము గావించెను. పావియా విశ్వవిద్యాలయాచార్యుడైన వోల్టా మొదట దానిని మెచ్చుకొనియు, పిదప సంశయించి, కప్పను తొలగించి (పాపము, అది అదివరకే చాల శ్రమపడినది), వెండి, తుత్తునాగపు బిళ్లలను ఒకదానిపై నొకటి పేర్చి, నడుమ ఉప్పునీట తడిపిన అట్టముక్కల నుంచి, ఎడతెగని విద్యుత్ప్రవాహమును సాధించి, 1800లో లండను రాయల్ సొసైటీకి లేఖ వ్రాసెను. అట్లని గాల్వానీ వట్టి భ్రాంతిపరుడు కాడు. మన నరములలో నడచు సంకేతములును విద్యుత్సంబంధమైనవే యని తరువాతివారు తేల్చిరి.

విద్యుత్తును త్రోయు ఒత్తిడిని కొలుచు వోల్టుకు వోల్టా పేరే పెట్టిరి. మన యింటి మీటరు లెక్కించునది మాత్రము వాడిన శక్తిని: 1000 వాట్ల పరికరము గంటసేపు పనిచేసిన ఒక యూనిట్టు. 60 వాట్ల పాతకాలపు బల్బు 17 గంటలలోపే మ్రింగివేయు ఆ యూనిట్టుతో, వెలుగున దానికి తీసిపోని 10 వాట్ల ఎల్‌ఈడీ దీపము 100 గంటలు వెలుగును. పాత బల్బున విద్యుత్తులో అధికభాగము వేడిగా పోవుటయే ఇందుకు కారణము. ఇక ఎవరును లేని గదిలో తిరుగు ఫ్యానందురా, అది గాలిని కదల్చునే కాని గదిని చల్లబరుపదు గనుక, ఎంత మేలురకమైనను యూనిట్లను వృథాగనే తినును.